పర్శరాములు బిల్ల

నా భార్య కొమురవ్వ పెళ్లయిన నాటినుంచి ఇప్పటిదాకా నా పేరు నోటితో అనలేదు. మా వైపు ఆమె తరం ఆడవాళ్లు మొగుని పేరు అనరు. అంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు గానీ, అనరు. రేషను షాపులో అడిగినా, ఓటరు లిస్టు వాళ్లు వచ్చి అడిగినా, పక్కింటామె వైపు చూసి "జర నువ్వు చెప్పరాదు" అంటుంది. అయినా నస్పూర్‌లో మా కాలనీ మొత్తం మీద మొగుణ్ణి పేరు పెట్టి, వీధి చివరిదాకా వినబడేటట్టు పిలిచే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"ఓ పర్శరాములూ! బువ్వ సల్లారుతుంది, ఏడ సచ్చినవ్?"

ఎందుకంటే నా పేరు పర్శరాములు కాదు. నా పేరు లచ్చయ్య. పర్శరాములు అనేది బొగ్గుగనిలో నా పేరు. అది మొగుని పేరు కాదు కనుక ఎంత గట్టిగా అరిచినా తప్పులేదని కొమురవ్వ లెక్క.

మా బొగ్గు బాయిల వైపు ఒకప్పుడు ఇది వింతేమీ కాదు. ఒకరికి వచ్చిన ఉద్యోగం పిలుపు మీద ఇంకొకరు గనిలోకి దిగేవాళ్లు. మారుపేరు అనేవాళ్లం. హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో పర్శరాములు అని నా ఈడువాడు ఒకడుండేవాడు. పిలుపు వచ్చింది వాడికి. తోడుగా పోయింది నేను. మందమర్రిలో గని నోరు చూశాడు, తలకు దీపాలు కట్టుకుని మనుషులు ఆ చీకట్లోకి నడిచిపోవడం చూశాడు. "ఇది మింగుతది రా" అన్నాడు, వెనక్కి తిరిగాడు. ఆ పరుగు ఊరిదాకా ఆగలేదు. ఎక్కిన బస్సు కన్నా తనే ముందు చేరాడని వాళ్లమ్మ బుచ్చవ్వ ఆ తర్వాత నాతో చెప్పింది. ఇక్కడేమో టేబులు దగ్గర కూర్చున్నాయన "పర్శరాములు, పర్శరాములు" అని పిలుస్తూనే ఉన్నాడు. పాపం, ఆయన గొంతు నొస్తుందని నేను పలికాను. పలికినందుకు ముప్పై నాలుగేళ్లు బొగ్గు తవ్వాను.

పని నుంచి దిగిపోయేటప్పుడు, ఈ రెండు పేర్లూ ఒక్కడివేనని కోర్టు కాగితం రాయించి కంపెనీకి ఇచ్చాను. దాని నకలు ఇంట్లో సందుగ పెట్టెలో ఉంది. కథలో దానితో పని పడుతుంది, గుర్తుంచుకోండి.

మొన్న ఎండాకాలంలో మా అల్లుడు రాకేశ్ గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. కాలనీ మూల మీద టీ కొట్టు దగ్గర మాటల్లో పడ్డాం. నేను, రాకేశ్, మా చాంద్‌పాషా. చాంద్‌పాషా ఒకప్పుడు గనిలో ల్యాంప్ రూం మనిషి. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం అతని పని. నా పాత దోస్తు. నేను తూర్పు అంటే అతను పడమర అంటాడు, లేకపోతే అతనికి టీ అరగదు.

"మామా, గాడ బతాకా లేకుంట రూంల నుంచి కాలు బయట పెట్టరాదు," అన్నాడు రాకేశ్. అక్కడ ఇచ్చే గుర్తింపు కార్డును గల్ఫ్‌కు పోయిన మావాళ్లు బతాకా అంటారు. "పోలీసాయన ఆపిండంటె ముందుగాల బతాకా చూపియ్యాలె. తర్వాతనే సలాం."

"మంచిగుంది గదా అల్లుడా. ఈడ గూడ గట్లనే పెట్టాలె," అన్నాను నేను. నా మెడలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంది. అందులో నా కార్డులన్నీ ఉంటాయి. స్నానానికి పోయినా తీయను. ఒకసారి గోదావరిలో మునిగితే చేపలన్నీ వచ్చి నా కార్డు చూసి, మనవాడే అని దారి ఇచ్చాయి. ఆ సంగతి ఇంకోసారి చెప్తాను.

చాంద్‌పాషా గ్లాసు కింద పెట్టాడు. "మంచిగుందా? నీ ఇంటి ముంగట నువ్వు నిలబడితె, ఎవడో వచ్చి నువ్వెవనివి అంటడు. గది మంచిగుందా?"

"అంటె చూపెడ్త. నాకేం ఫికర్?"

"ఫికర్ సంగతి గాదు లచ్చన్నా. నేనేమన్న దొంగతనం చేసిననా? చేసినంక అడుగుమను. చెయ్యకముందే ఎందుకడగాలె?"

"రైలు కింద పడ్డవనుకో. నువ్వెవ్వరివో ఎట్ల ఎరుక పడాలె?"

"రైలు కింద పడ్డంక నేనెవ్వర్నయితె నాకేంది?"

రాకేశ్ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇద్దరు చెప్పింది నిజమే మామా. మా రూమాయన ఒకడు రోడ్డు మీద కుప్పకూలిండు. జేబుల బతాకా ఉండబట్టి గంటల ఇంటికి ఫోనొచ్చింది. పాణం దక్కింది. ఇంకొకడు ప్యాంటు మార్చుకొని బతాకా మరిచిండు. రొట్టె కొననీకి పోయినోడు మూడు దినాలకు రూంకొచ్చిండు. రెండు గూడ గదే కార్డు."

చాంద్‌పాషాకూ కార్డు ఉంది. కానీ అతని భార్య నసీమా బీరువాలో ఉంటుంది. "ఇద్దర్ల ఒకరం బయట తిరగాలె, ఒకరం ఇంట్ల ఉండాలె," అంటాడు. "కార్డు ఇంట్ల ఉంటది, నేను తిరుగుత."

ఆ మాటల మధ్యనే మా గని మూసేస్తున్నారనే కబురు వచ్చింది. బొగ్గు అయిపోయింది. శనివారం మొత్తం, ఆదివారం పొద్దున, అందులో పనిచేసినవాళ్లు వస్తే ఎవరి బిల్ల వాళ్లకు గుర్తుగా ఇస్తారట. ఆదివారం పన్నెండు గంటలకు టేబులు ఎత్తేస్తారు. మిగిలిన బిల్లలు సోమవారం కరిగించడానికి పోతాయి.

బిల్ల అంటే రూపాయికి రెండింతలున్న ఇత్తడి ముక్క. పైన ల్యాంప్ రూం వాళ్లతో సహా గనిలో పనిచేసే అందరికీ ఒక్కొక్కటి ఉండేది. దాని మీద నంబరు కొట్టి ఉంటుంది. గనిలోకి దిగేముందు ల్యాంప్ రూంలో బిల్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. ఆ బిల్లను పలక మీద మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిల్ల తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక కూడా మేకుకు బిల్ల వేలాడుతుందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. వెతకడానికి మనుషులు దిగుతారు.

నాది నాలుగు వందల పదిహేడు. దాని అంచున ఒక గంటు ఉంటుంది. దాన్ని పులి కొరికింది. ఆ సంగతి కాలనీలో పిల్లలందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను.

ఆ బిల్ల కరిగిపోతుందంటే నాకు మనసు మనసులో లేదు. పని నుంచి దిగిపోయిననాడు అప్పగించేసిన దగ్గరనుంచి నా బొటనవేలు జేబులో దాన్ని వెతుక్కుంటూనే ఉంది.

"కార్డు లేకుంట నిన్ను గేటు దాటనియ్యరు పాషా భాయ్," అన్నాను.

"నలభై ఏండ్ల సంది చూసిన మొఖం. ఎట్ల దాటనియ్యరో చూస్త."

పందెం కట్టుకున్నాం. గేటు దగ్గర ఎవరిని ఆపితే వాళ్లు దసరాదాకా రెండోవాణ్ణి "సార్" అని పిలవాలి.

ఆదివారం పొద్దున నేను ఇస్త్రీ అంగీ వేసుకుంటుంటే కొమురవ్వ వచ్చింది. "సందుగలున్న కోర్టు కాయితం గూడ పట్టుకపో."

"నా మెడల ఇన్ని కార్డులున్నయ్. కాయితమెందుకు?"

"కార్డులన్నిట్ల ఒక్కడే ఉన్నడు. ఇంకొకడు ఏడున్నడు?"

ఆడవాళ్లు ఒక్కోసారి ఇలాంటి మాటలంటారు. అప్పుడు మనకు తొందరగా ఉంటుంది, వినం.

రాకేశ్ ఆ రోజు కరీంనగర్ పోయాడు. మేమిద్దరం బస్సెక్కాం. బస్సులో ఆడవాళ్లందరూ కార్డులు పైకెత్తి కండక్టరుకు చూపిస్తున్నారు, పైసలు లేకుండా పోవడానికి. "సూడు, ఎంత ముద్దుగ చూపిస్తుండ్రో," అన్నాను. "ఆళ్లకు ఊకె పోవుడు దొరుకుతుంది, చూపిస్తుండ్రు," అన్నాడు చాంద్‌పాషా. "నాకు ఊకె టికెటిస్తె నేను పండ్లు గూడ చూపిస్త." అతని నోట్లో ఉన్నవే నాలుగు.

గేటు దగ్గర మల్లేష్ అనే పడుచు పిల్లగాడు డ్యూటీలో ఉన్నాడు. కొత్త యూనిఫాం, చేతిలో లిస్టు.

"కార్డు తాతా."

నేను సంచి విప్పి ఒక్కొక్కటే తీశాను. ఆధార్ కార్డు, ఓటరు కార్డు, రేషను కార్డు. "నీకేది కావాలె? ఏరుకో."

మల్లేష్ ఆధార్ కార్డు చూశాడు, లిస్టు చూశాడు, నన్ను చూశాడు. "లచ్చయ్య అని ఎవ్వలు లేరు తాతా."

"పర్శరాములు అని సూడు. నాలుగు వందల పదిహేడు."

"ఉన్నడు. మరి ఆయనేడి?"

"నేనే."

"కార్డుల లచ్చయ్య అని ఉంది గదా?"

"గది గూడ నేనే."

"తాతా, ఒక్కలు వచ్చిండ్రా, ఇద్దరు వచ్చిండ్రా?"

చాంద్‌పాషా నా వెనక కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. మల్లేష్ అతని వైపు తిరిగాడు. "నువ్వు, తాతా? కార్డు?"

"ఇంట్లున్నది."

"మరి నువ్వెందుకొచ్చినవ్? కార్డునే పంపకపోయినవ్."

అట్లా ఇద్దరం గేటు బయట నిలబడ్డాం. అతనికి లిస్టులో పేరుంది, చేతిలో కార్డు లేదు. నాకు చేతిలో కార్డు ఉంది, లిస్టులో పేరు లేదు. ఇద్దరినీ కలిపి కుడితే ఒక్క మనిషి లోపలికి పోయేవాడు. పదకొండు దాటింది.

"ఆపిండు గదా, సార్ అను," అన్నాడు చాంద్‌పాషా.

"నిన్ను గూడ ఆపిండు. నువ్వను."

మా గొడవ విని లోపలి షామియానా కింద నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. నవనీత ఆమె పేరు. బిల్లలు పంచే ఆఫీసరు. మమ్మల్ని టేబులు దగ్గరికి పిలిచి కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది. బిల్లల డబ్బా మాత్రం తన వైపు జరుపుకుంది.

"ఏమనుకోవద్దు," అంది. "నిన్న పొద్దుగాల ఇత్తడి కొనేటోళ్లు ఇద్దరొచ్చిండ్రు. మా బాపు బిల్ల, మా మామ బిల్ల అనుకుంట ముప్పై పట్టుకపోయిండ్రు. మధ్యాహ్నం ఆ బిల్లలు మోసినోళ్లే వచ్చిండ్రు. ఒకాయన టేబులు మీద చెయ్యి పెట్టి ఏడ్చిండు. అందుకే కార్డు, పేరు ఒక్కతీరుగుంటెనే ఇస్తున్న."

అది విని చాంద్‌పాషా కూడా కొంచెం తగ్గాడు. "నువ్వన్నది సరే బిడ్డా. మరి కార్డు మనిషిని చూపెడ్తదా, పనిని చూపెడ్తదా? డబ్బాల నుంచి ఏ నంబరన్న చదువు. ఆయనెవ్వరో నేను చెప్త."

నవనీత ఒక బిల్ల తీసింది. "నూట ఆరు."

"పొట్టి మనిషి. దీపం ఇస్తె మూడుసార్లు ఆర్పి ముట్టిచ్చి చూసుకునెటోడు."

ఆమె ఇంకోటి తీయబోయి ఆగింది. డబ్బాలో చూడకుండానే అడిగింది. "రెండు వందల ముప్పై మూడు?"

"బాలమల్లు! అబ్బ, గాయన పేరెందుకు తీసినవ్. నేనెంత మంచి దీపమిచ్చినా వెలుగు సాల్తలేదని లొల్లి. ఒక్కనాడు గూడ మంచిగుంది అనలే."

నవనీత నవ్వు ఆపుకోలేకపోయింది. "మా బాపు. ఇంట్ల గూడ గంతే. ఇప్పటికి గూడ బల్బు సాల్తలేదంటడు." రిజిస్టరులో చాంద్‌పాషా పేరు దగ్గర టిక్కు పెట్టి అతని బిల్ల అతనికిచ్చింది.

"ఇగ ఈయన నాలుగు పదిహేడు. గ్యారంటీ నాది," అన్నాడు చాంద్‌పాషా.

"నువ్వు దోస్తువు తాతా. నిన్న గూడ ఒకరికొకరు గిట్లనే గ్యారంటీ ఇచ్చుకున్నరు." నా వైపు తిరిగింది. "ఇంకేమన్న కాయితం లేదా?"

"ఉంది బిడ్డా. కోర్టు కాయితం. నస్పూర్‌ల, సందుగల."

"ఇంట్ల ఎవ్వలన్న ఫోటో తీసి పంపుతరా?"

ఇంట్లో కొమురవ్వ ఒక్కతే ఉంది. ఆమెది నొక్కుడు ఫోను. పైగా సందుగ తాళంచెవి నా మెడలోని సంచిలోనే కార్డుల మధ్య ఉంది. తాళంచెవి టేబులు మీద పెట్టాను. నవనీత దాన్ని చూసింది, నన్ను చూసింది.

"పోనీ అవ్వకు ఫోన్ చేయి. నేను మాట్లాడుత."

అందరికీ వినబడేటట్టు పెట్టింది. వెనక లైన్లో ఇరవై మంది నిలబడ్డారు.

"అవ్వా, మీ ఇంటాయన పేరేంది?"

"అయ్యో, గదేం అడుగుడు బిడ్డా? నేనెట్ల చెప్త?"

"చెప్పకుంటె ఆయనకు బిల్ల రాదవ్వా."

అవతల తలుపు తీసిన చప్పుడు వినబడింది. మా కొమురవ్వ పక్కింటామె కోసం చూస్తోందని నాకు తెలుసు. చివరికి గొంతు హుషారుగా వచ్చింది. "గనిల పేరు గావాల్నా? గదైతె ఎన్నిసార్లన్న చెప్త. పర్శరాములు! పర్శరాములు! ఇంకోపారి చెప్పాల్నా? పర్శరాములు!"

నేను గెలిచాననుకుని మీసం మీద చెయ్యి వేశాను. నవనీత ఫోను పెట్టేసి తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ గూడ మా బాపు పేరనదు. మొగుని పేరైతె నోట్లకెల్లి రాదు. ఈమె మూడుసార్లన్నది. అంటె పర్శరాములు ఈమె మొగుడు కాదు."

ఆమె చెప్పిన తీరు ఎంత సరిగ్గా ఉందంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. లైన్లో ఎవరో "తాతా, మరి గామె ఎవ్వరు?" అన్నారు. అందరూ నవ్వారు. గడియారంలో ముల్లు పదకొండున్నర దాటింది. నాకు నవ్వు రాలేదు.

నా మొహం చూసి నవనీతకు జాలేసినట్టుంది. డబ్బాలోంచి ఒక బిల్ల తీసి గుప్పిట్లో దాచింది. "దీని మీద నంబరు గాక ఇంకేమున్నది?"

"అంచుకు గంటున్నది."

చూసుకుంది. ఉంది. "ఎట్ల పడ్డది?"

ఇక్కడే నా నోరు నాకు అన్యాయం చేసింది. నలభై ఏళ్ల అలవాటు. "పులి కొరికింది బిడ్డా! మొదటి షిఫ్టుకు అడివి తొవ్వల వస్తున్న. ఎగిరి నా రొమ్ము మీద పడ్డది. జేబుల బిల్ల ఉండబట్టి బతికిన. పులి పన్నిరిగింది. ఇప్పటికి గూడ మహారాష్ట్ర దిక్కు బోసినోటితోని తిరుగుతుందట, నన్ను చూస్తె తలకాయ దించుకుంటది..."

లైనంతా గొల్లుమంది. నవనీత బిల్లను మళ్లీ డబ్బాలో వేసి మూత పెట్టింది. "పెద్దమనిషివి తాతా. ఇందుల ఏది రాసుకోవాలె నేను? పులి సంగతి నిజమైతెనే పర్శరాములు సంగతి నిజమనుకోవాల్నా?"

చాంద్‌పాషా నా భుజం మీద చెయ్యి వేశాడు. "అసలు సంగతి చెప్పు లచ్చన్నా. నేను ఇయ్యాల్టి దాంక ఎవ్వలికి చెప్పలే. నసీమాకు గూడ చెప్పలే. నువ్వే చెప్పు."

ఇంతమందిలో నిజం చెప్పడం ఎంత కష్టమో అలవాటు లేనివాడికే తెలుస్తుంది. అయినా చెప్పాను. మీకూ చెప్తాను.

నేను గనిలో దిగిన మొదటిరోజు. షిఫ్టు అయిపోయింది. అందరితో పాటు పైకి వచ్చాను. అందరూ దీపాలు కిటికీ దగ్గర పెడుతుంటే నేనూ ఆ కుప్ప మీద పెట్టాను. బిల్ల వెనక్కి తీసుకోవాలన్న సంగతి చెప్పారో లేదో, చెప్పినా బుర్రకెక్కలేదో. బయట బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. ల్యాంప్ రూంలోంచి పిలవడం మొదలుపెట్టారు.

"పర్శరాములూ! ఓ పర్శరాములూ!"

ఎవరూ పలకలేదు. పలక మీద ఒక్క బిల్ల వేలాడుతోంది. కొత్త మనిషి, మొదటిరోజు, లోపల దారి తప్పాడు అన్నారు. పరుగులు మొదలయ్యాయి. అయ్యో, ఎవరో పాపం, ఇంటి దగ్గర తల్లి ఎంత ఏడుస్తుందో అనుకున్నాను. టీ అక్కడే పెట్టి నేనూ లేచాను. గని నోటి దగ్గర నిలబడి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి అరిచాను.

"ఓ పర్శరాములూ! యాడున్నవే? పలుకు తమ్మీ!"

అందరికంటే గట్టిగా నేనే అరిచాను. కండ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. వెతకడానికి నలుగురు దీపాలు కట్టుకుంటుంటే, నేనూ వస్తానన్నాను.

అప్పుడు ల్యాంప్ రూంలో కొత్తగా చేరిన ఒక పడుచువాడు దీపాల కుప్ప తిరగేశాడు. నాలుగు వందల పదిహేడు నంబరు దీపం అందులోనే ఉంది. దీపం పైకి వస్తే మనిషి కూడా పైకి వచ్చే ఉండాలి కదా. బయటికి వచ్చి ఒక్కొక్కరి మొహం చూశాడు. ఏడుస్తూ అరుస్తున్న కొత్త మొహం దగ్గర ఆగాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు. "అన్నా, నువ్వు పిలుస్తున్నది నిన్నే కాదా?"

ఆ పడుచువాడు ఈ చాంద్‌పాషా. బయట అందరితో, "దొరికిండు, దొడ్డికి పోయిండట" అని చెప్పాడు. మారుపేరు సంగతి అతనికి ఆ క్షణమే తెలిసింది. ఒక్క మాట అని ఉంటే నా పని ఆనాడే పోయేది. అనలేదు.

మరునాడు దిగేముందు నేను బిల్లను రాయి మీద పెట్టి, గునపం మొనతో అంచున గంటు పెట్టాను. హాజరు పిలిచేటప్పుడు జేబులో బొటనవేలు ఆ గంటు మీద పెట్టుకుని నిలబడేవాణ్ణి. వేలికి గంటు తగిలితే, ఇప్పుడు నేను పర్శరాములును అని గుర్తు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు.

చెప్పడం అయిపోయాక లైన్లో ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి ఒక ముసలాయన మాత్రం, "నా పేరు గూడ గనిల వేరే ఉంది బిడ్డా," అన్నాడు. ఇంకొకాయన దగ్గాడు. లైన్లో అట్లాంటి దగ్గులు ఇంకో మూడు వినబడ్డాయి.

నవనీత డబ్బా మూత తీసింది. "కండ్లు మూసుకో తాతా."

మూసుకున్నాను. టేబులు మీద బిల్లలు కుమ్మరించిన చప్పుడు. చాంద్‌పాషా దగ్గితే, "నువ్వు దూరం జరుగు," అంది అతనితో. నేను చెయ్యి చాపాను. ఇత్తడి చల్లగా తగిలింది. ఒకటి తీసి బొటనవేలితో అంచు తడిమాను, పక్కన పెట్టాను. ఇంకోటి. ఇంకోటి. ఒకదానికి సొట్ట ఉంది గానీ అది కింద పడిన సొట్ట, దాన్నీ పక్కన పెట్టాను. తొమ్మిదో పదో తీశాను. వేలు దానంతటదే పోయి గంటులో కూర్చుంది, చెప్పులో కాలు పెట్టినట్టు.

"గిదే," అన్నాను. కళ్లు తెరవకముందే చాంద్‌పాషా నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

నవనీత నంబరు చూసి రిజిస్టరు నా వైపు తిప్పింది. "ఏ పేరు పెడ్తవ్ తాతా?"

సంతకం గడిలో పర్శరాములు అని రాశాను. కార్డు గడిలో లచ్చయ్య అని ఆమె రాసింది. రెండు గడుల మధ్య ఉన్న గీత మీద నవనీత తన సంతకం పెట్టింది. "పైవాళ్లు అడుగుతె అడగనీ. చెప్పుకుంట," అంది. తర్వాత దగ్గిన వాళ్లను ఒక్కొక్కరినే ముందుకు పిలిచింది. బిల్ల చూపించకుండా, దాని మీది ఆనవాలు చెప్పమని అడగడం మొదలుపెట్టింది. పన్నెండు కొట్టినా టేబులు ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాంద్‌పాషాను "సార్" అన్నాను. అతను నన్ను "సార్" అన్నాడు. ఇద్దరినీ ఆపారు కనుక ఇద్దరమూ ఓడిపోయాం. కండక్టరు మమ్మల్ని రిటైరైన పంతుళ్లనుకున్నాడు.

మరునాడు టీ కొట్టు దగ్గర రాకేశ్ కథంతా విన్నాడు. "ఇగ చెప్పుండ్రి. కార్డు అందరు జేబుల పెట్టుకొని తిరగాలె అంటరా, వద్దంటరా?"

"పెట్టుకుంట అల్లుడా," అన్నాను. "కని నా బిల్ల మేకుకు పెట్టింది నన్ను ఆపనీకి గాదు. నేను రాకపోతె ఎవ్వడో ఒకడు పరేషానై ఎతకాలె అని. గట్ల అడిగెటోనికి సంచి మొత్తం ఇప్పి చూపిస్త. ఊకె నిలబెట్టి అడిగెటోనికైతె ముందుగాల పులి కథ చెప్త."

"గా కథ ఇనుడు కంటె కార్డు లేకుంట పంపుడే నయమంటడు వాడు," అన్నాడు చాంద్‌పాషా. కానీ ఆ రోజు అతని అంగీ జేబులో కార్డు జిరాక్సు ఒకటి మడతపెట్టి ఉంది. నేను చూశాను. ఫోటో లోపలి వైపుకు పెట్టి మడిచాడు. నసీమా పెట్టిందని బొంకాడు.

ఇంటి దగ్గర కొమురవ్వ బిల్లను చింతపండుతో తోమింది. బంగారంలా మెరిసింది. దాన్ని చూసి దొంగలు వచ్చారు, కళ్లు జిగేలుమని దారి తెలియక మా ఇంట్లోనే తెల్లారేదాకా కూర్చున్నారు. సరే, అది వదిలేయండి. తోమాక ఆమె గడప పక్కన గోడకు మొల కొట్టింది.

"బయటికి పోయేటప్పుడు గీడ తగిలిచ్చి పో. వచ్చినంక తీసి జేబుల ఏస్కో. గది ఏలాడుతుందంటె నువ్వు ఇంకా రాలేదని నాకెరుక. ముప్పై నాలుగేండ్లు కంపెనోళ్లు చూసిండ్రు, ఇగ నేను చూస్త."

నాలుగు రోజులు బాగానే జరిగింది. శుక్రవారం నాడు టీ కొట్టు నుంచి వచ్చి, దొడ్డి వాకిలి గుండా లోపలికి పోయి మంచం మీద ఒరిగాను. బిల్ల తీయడం మరిచిపోయాను. కన్నంటుకుంది. ఇది మాత్రం నిజం, పులి లేదు ఇందులో. పొద్దు గుంకే వేళకు వీధిలోంచి గొంతు వినబడింది.

"ఓ పర్శరాములూ! ఏడున్నవే పర్శరాములూ!"

నిద్రమత్తులో లేచాను. అయ్యో, ఎవరో తప్పిపోయినట్టున్నారు పాపం అనుకున్నాను. చెప్పులు వేసుకుని, వెతకడానికి సాయం పోదామని ముందు వాకిలి లోంచి వీధిలోకి వచ్చాను. కొమురవ్వ అటు తిరిగి ఇంకా పిలుస్తూనే ఉంది. నేనూ చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఎదురింటి అరుగు మీద నుంచి చాంద్‌పాషా లేచి నిలబడ్డాడు.

"సార్," అన్నాడు. "పిలిచేముందు జర మీ ఇంటి మొల సూసుకోండ్రి సార్."

నా బొటనవేలు జేబులోకి పోయింది. జేబు ఖాళీగా ఉంది.